గుద్దుకున్న పాత ట్రాక్టరు: బాగు చేయించాలా, వదిలించుకోవాలా?

కృష్ణా పశ్చిమ డెల్టాలో ట్రాక్టరు లేకుండా సేద్యం సాగదు. కాలవలకు నీళ్లొచ్చిన దగ్గర్నుంచి దమ్ములు, కోతలయ్యాక ధాన్యం బస్తాల తోలకం, ఆ తర్వాత మినుము, మొక్కజొన్న పనులు అన్నీ దాని మీదే. పిట్టలవానిపాలెం, చందోలు చుట్టుపక్కల రోడ్ల మీద బస్సులు, లారీలు, ఆటోల మధ్యే ట్రాక్టరూ పోవాలి. పొలం బాటలోంచి ఒక్కసారిగా రోడ్డెక్కే మలుపులు, కాలవ గట్ల మీద ఇరుకు దారులు, వెనక లైటు లేని ట్రక్కులు ఉన్నన్నాళ్లూ ప్రమాదాలు తప్పవు.

మనిషికి ఏమీ కాకపోతే అదే పదివేలు. ఆ తర్వాత వచ్చే ప్రశ్న, పదేళ్లో పదిహేనేళ్లో వాడిన ఈ బండి మీద మళ్లీ డబ్బు పెట్టొచ్చా అని. ఇక్కడ రైతులు రెండు రకాలుగా నష్టపోతున్నారు. అచ్చొచ్చిన బండి అని కొందరు అప్పు తెచ్చి మరీ బండి విలువకు మించి ఖర్చు పెడుతున్నారు. బానెట్ నుజ్జయింది, పనికిరాదని కొందరు మూడో రోజే వచ్చిన దళారీకి తుక్కు ధరకు ఇచ్చేస్తున్నారు. రెండిటికీ కారణం ఒకటే, లెక్క వేసుకోకుండా తొందరపడటం. ఏది ముందు చూడాలో, లెక్క ఎలా వేయాలో తెలుసుకుంటే ఈ నష్టం తప్పుతుంది.

మొదటి రోజు జాగ్రత్తలు

దెబ్బ తిన్న ట్రాక్టరును "ఒకసారి స్టార్టు చేసి చూద్దాం" అనుకోవద్దు. చాలా ఇంజన్లు ప్రమాదంలో కాదు, ఆ తర్వాత స్టార్టు చేసినప్పుడు పోతాయి. బోల్తా పడిన బండిలో ఆయిలు సిలిండర్లలోకి చేరి ఉండవచ్చు. ఆయిలు గాలిలాగా నలగదు. అప్పుడు సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. కాలవలోనో డ్రెయిన్లోనో పడిన బండికి నీళ్లతో కూడా ఇదే ప్రమాదం. ముందుగా బ్యాటరీ వైరు తీసేయండి. ఇంజెక్టర్లు విప్పించి, ఇంజన్ను చేత్తో తిప్పించి, లోపలున్నది బయటికి పోయాకే మిగతా సంగతి.

నీళ్లలో పడిన బండి ఇంజను ఆయిలు, గేరు ఆయిలు పాలు కలిపిన టీ రంగులోకి మారితే నీళ్లు కలిసినట్టే. మొత్తం వదిలేసి, కడిగించి, కొత్త ఆయిలు పోయించాలి. సముద్రం దాపున డ్రెయిన్లలో ఉప్పునీళ్లు ఉంటాయి కాబట్టి ఆ రోజే మంచినీళ్లతో కడిగించండి. నాలుగు రోజులు వదిలేస్తే బేరింగులు తుప్పు పడతాయి.

రేడియేటరుకు దెబ్బ తగిలి నీళ్లు కారిపోతుంటే ఇంటిదాకా నడుపుకుంటూ వద్దామనుకోవద్దు. నీళ్లు లేకుండా నడిపితే హెడ్డు కాలి, రేడియేటరుతో పోయేది ఇంజను మీదికి వస్తుంది. మరో బండితో లాగించుకోండి.

కదిలించే ముందే నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయించండి. రోడ్డు, ఎదుటి బండి నంబరు కూడా పడాలి. మనుషులకు దెబ్బలు తగిలినా, ఎదుటివారి ఆస్తికి నష్టం జరిగినా పోలీసులకు చెప్పి తీరాలి. అటువంటి కేసుల్లో మోటారు వాహనాల తనిఖీ అధికారి బండిని చూస్తారు. అది అయ్యేదాకా ఒక్క నట్టు కూడా విప్పకూడదు. బీమా ఉంటే కంపెనీకి ఆలస్యం లేకుండా తెలియజేయండి. సర్వేయరు చూడకముందే బండి విప్పితే, ఏది ప్రమాదంలో పోయిందో ఏది ముందే పాడయిందో తేల్చలేమని వాళ్లు పేచీ పెడతారు.

వెన్నెముక బాగుందా?

లారీకి, జీపుకు కింద ఛాసిస్ చట్రం ఉంటుంది. వ్యవసాయ ట్రాక్టర్లలో చాలావాటికి అది ఉండదు. ఇంజను, క్లచ్చి హౌసింగు, గేరుబాక్సు, వెనక డిఫరెన్షియల్ హౌసింగు ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి. అవే ట్రాక్టరుకు వెన్నెముక. ఇవన్నీ పోత ఇనుము. పోత ఇనుము వంగదు, పగులుతుంది. అందుకని పాత ట్రాక్టరు బతుకుతుందా లేదా అన్నది ఈ వెన్నెముక మీదే ఆధారపడి ఉంటుంది.

బానెట్, మడ్‌గార్డులు, లైట్లు, సీటు నుజ్జయితే చూడటానికి ఘోరంగా ఉంటుంది. అదంతా రేకు పని, తక్కువలో పోతుంది. క్లచ్చి హౌసింగు మీద వెంట్రుకంత చీలిక చూడటానికి కనపడదు, ఖర్చు మాత్రం దానికే ఎక్కువ. కాబట్టి పైన రేకు చూసి బండి పోయిందని గానీ, రేకు బాగుందని బండి బాగుందని గానీ అనుకోవద్దు.

చీలిక కనిపెట్టడానికి పాత మేస్త్రీలు చేసే పద్ధతి ఒకటుంది. హౌసింగును డీజిలుతో శుభ్రంగా కడిగి, కిరసనాయిలు పూసి, కాసేపాగి గుడ్డతో తుడిచేయాలి. పైన సుద్దపొడి చల్లితే చీలికలో దాగిన కిరసనాయిలు పైకి ఊరి, పొడి మీద తడి గీత పడుతుంది. హౌసింగులు కలిసే చోట్ల, బోల్టు రంధ్రాల చుట్టూ, వెనక ఇరుసు గొట్టాలు బిగించిన చోట, ముందు ఇరుసును మోసే బ్రాకెట్టు దగ్గర ఇలా చూడాలి. ట్రక్కుతో పోతుండగా గుద్దుకుంటే వెనక హుక్కు బిగించిన చోటు కూడా చూడాలి. ట్రక్కు బరువంతా ఆ చోటు మీదికే వస్తుంది.

రెండో పరీక్షకు టేపు చాలు. బండిని సమంగా ఉన్న నేల మీద నిలిపి, ముందు చక్రాలు తిన్నగా పెట్టండి. ఎడమ పక్క వెనక చక్రం ఇరుసు మధ్య నుంచి ముందు చక్రం ఇరుసు మధ్యకు కొలవండి. కుడి పక్కా అంతే కొలవండి. రెండు కొలతలకూ తేడా వస్తే ఇరుసో, దాన్ని పట్టి ఉంచే భాగమో జరిగినట్టు. క్లచ్చి ముందులేని విధంగా గట్టిపడినా, గేర్లు పడకపోయినా, హౌసింగులు కలిసే చోట కొత్తగా ఆయిలు కారుతున్నా ఆ రెండు భాగాలను విడదీసి చూడాల్సిందే.

హౌసింగు పగిలిందని తేలితే వెల్డింగుతో సరిపెడతామనే మాట నమ్మి డబ్బు పెట్టొద్దు. బరువు మోయని మూతలు, కవర్లకు పోత ఇనుము వెల్డింగు పనికొస్తుంది. దమ్ములో ఇనుప చక్రాలు వేసి దిగబడ్డ బండిని లాగేటప్పుడు పడే బరువుకు వెన్నెముక మీద వేసిన అతుకు ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అక్కడ హౌసింగు మార్చడమే మార్గం. కొన్ని ట్రాక్టర్లలో ఛాసిస్ నంబరు ఆ హౌసింగు మీదే కొట్టి ఉంటుంది. అది మార్చాలంటే ముందుగా రవాణా శాఖ ఆఫీసులో అడిగి, మార్పు రికార్డు చేయించుకోవాలి. నంబరు చెరిపిన పాత హౌసింగు ఎంత చౌకగా వచ్చినా తీసుకోవద్దు. దొంగ బండి సామానైతే కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

స్టీరింగు, బ్రేకుల్లో బేరాలొద్దు

ఎదురుగా గుద్దుకున్నప్పుడు ముందుగా దెబ్బ తినేది ముందు ఇరుసు, స్టీరింగు కడ్డీలు. ఇరుసు బీము కొద్దిగా వంగితే ప్రెస్సులో పెట్టి సరిచేస్తారు, కానీ చీలిక ఉంటే మార్చాలి. స్టబ్ యాక్సిల్, టై రాడ్డు, డ్రాగ్ లింకు, స్టీరింగు ఆర్ము వంగితే కాక పెట్టి సుత్తితో కొట్టించొద్దు. కాక పెట్టిన చోట ఉక్కు పదును పోతుంది. ఇప్పుడు తిన్నగా కనపడ్డా ఎప్పుడో ధాన్యం బస్తాలతో పోతుంటే విరుగుతుంది. అప్పుడు పోయేది బండి ఒక్కటే కాదు.

బండిని నిలబెట్టుకోవాలంటే ఈ సామాను కొత్తది వేయించాల్సిందే. ఆ ఖర్చు భరించలేననుకుంటే బండిని బాగు చేయించే ఆలోచన మానుకోవడమే క్షేమం. సగం రిపేరు అన్న మాటే ఇక్కడ ఉండకూడదు.

అంచనా రాయించడం ఎలా?

ఒక్క షెడ్డులో నోటిమాటగా చెప్పిన ఖర్చును నమ్ముకోవద్దు. తెనాలి, పొన్నూరు, బాపట్ల ఎక్కడైనా సరే, ఇద్దరు మెకానిక్కులకు చూపించి విడివిడిగా కాగితం మీద రాయించండి. అందులో మార్చాల్సిన సామాను, సరిచేయాల్సిన సామాను, లేతు పని, మెకానిక్కు కూలి వేర్వేరుగా ఉండాలి. కంపెనీ సామాను ధర వేశారా, బయటి సామాను ధర వేశారా అన్నది కూడా రాయించండి.

బండి విప్పకముందు చెప్పే అంచనా ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది. విప్పాక ఇంకో బేరింగు, ఇంకో సీలు, ఇంకో గేరు బయటపడతాయి. అందుకని రాసిచ్చిన మొత్తానికి నాలుగో వంతు కలుపుకుని లెక్క వేయండి. "ఇంత దాటితే నన్ను అడగకుండా పని ముందుకు పోవద్దు" అని ముందే చెప్పండి.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. సామానుకు బిల్లు అడిగి తీసుకుని, ఏ పన్ను వేశారో చూసుకోండి. బీమా క్లెయిముకు కూడా ఆ బిల్లులే ఆధారం.

సామాను దొరుకుతుందా అన్నది మరో సంగతి. బండి తయారీ ఆగిపోతే సామాను దొరకటం ఏటేటా కష్టమవుతుంది. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. అటువంటి బండికి విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత సామాను వెతుక్కోవాలి. ముందు సామాను దొరుకుతుందని రూఢి చేసుకుని, ఆ తర్వాతే బండి విప్పించండి. విప్పిన బండి సామాను కోసం షెడ్డులో నెలల తరబడి పడుంటే, దాన్ని అమ్మినా ధర రాదు.

మూడు అంకెల లెక్క

కాగితం మీద మూడు అంకెలు వేసుకోండి.

ఒకటి, గుద్దుకోకముందు రోజు మీ బండిని సంతలో ఎంతకు కొనేవారు? కొన్నప్పటి ధర కాదు, మీ అభిమానం ధరా కాదు. అదే మోడలు, అదే వయసు బండి చుట్టుపక్కల ఎంతకు అమ్ముడైందో ఇద్దరు ముగ్గుర్ని అడగండి.

రెండు, ఇప్పుడు ఉన్నది ఉన్నట్టుగా ఎంతకు కొంటారు? ఇంజను, వెనక టైర్లు, హైడ్రాలిక్సు బాగుంటే తుక్కు ధర కన్నా చాలా ఎక్కువే వస్తుంది. కనీసం ఇద్దరు కొనుగోలుదార్లను అడగండి.

మూడు, నాలుగో వంతు కలుపుకున్న రిపేరు ఖర్చు.

మొదటి అంకెలోంచి రెండోది తీసేయండి. మిగిలిన దానికన్నా రిపేరు ఖర్చు తక్కువైతే బాగు చేయించండి. ఎక్కువైతే వదిలేయండి.

అర్థం కావటానికి ఒక లెక్క చూద్దాం. పన్నెండేళ్ల బండి గుద్దుకోకముందు 2,60,000 రూపాయలు పలికేది. ఇప్పుడు ఉన్నట్టుగా 90,000 ఇస్తామంటున్నారు. తేడా 1,70,000. మెకానిక్కు 1,20,000 రాశాడు. నాలుగో వంతు 30,000 కలిపితే 1,50,000. తేడా కన్నా తక్కువే కాబట్టి బాగు చేయించొచ్చు. అదే బండికి హౌసింగు కూడా మార్చాల్సి వచ్చి ఖర్చు 2,10,000 అయితే 40,000 నష్టం. అప్పుడు 90,000 తీసుకుని బయటపడటమే మేలు.

బాగు చేయించి అమ్మే ఉద్దేశం ఉంటే, గుద్దుకున్న బండి అని తెలిసిన కొనుగోలుదారు కొంత తగ్గించే అడుగుతాడు. ఆ మేరకు మొదటి అంకె తగ్గించుకోండి.

ఈ లెక్కలో కలపకూడనివి రెండున్నాయి. "మొన్ననే 40,000 పెట్టి ఇంజను చేయించాను" అన్నది మొదటిది. ఆ డబ్బు అయిపోయింది. దానివల్ల బండి ధర పెరిగితే అది మొదటి అంకెలోనే వచ్చేసింది. రెండోది, "ఎలాగూ విప్పాం కదా, బోరింగు, పంపు, క్లచ్చి ప్లేట్లు కూడా వేసేద్దాం" అన్నది. అవి వాడకంతో అరిగినవి. చేయించుకోవాలంటే చేయించుకోండి, కానీ ఆ లెక్క వేరే కాగితం మీద వేసుకోండి. రెండూ కలిసిపోతే ప్రమాదం ఖర్చెంతో, పాత అరుగుదల ఖర్చెంతో తెలియక లక్షల్లో పడతారు.

అప్పు, అదను

చేతిలో డబ్బు లేక బయట వడ్డీకి తెచ్చేవారు మరో అంకె కలుపుకోవాలి. 1,50,000 రూపాయలు నూటికి 2 రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 3,000, ఏడాదికి 36,000 వడ్డీయే అవుతుంది. పై లెక్కలో బాగు చేయిస్తే మిగిలేది 20,000. అంటే ఏడాది తిరక్కుండానే ఆ మిగులు వడ్డీకి పోయింది. కౌలు రైతులు ఈ అంకె తప్పకుండా చూసుకోవాలి.

సొంతంగా నాలుగైదు ఎకరాలే ఉండి, బయటి బాడుగలకు తిప్పని రైతు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఏడాదికి ట్రాక్టరు ఎన్ని గంటలు తిరుగుతోంది? ఆ పనంతా బాడుగ ట్రాక్టరుతో చేయిస్తే ఎంతవుతుంది? డీజిలు, డ్రైవరు, ఆయిలు, టైర్లు, బీమా అన్నీ కలిపి సొంత బండి ఖర్చుతో పోల్చండి. కొందరికి బాడుగే చౌక అని తేలుతుంది. కానీ దమ్ముల అదనులో ఊరందరికీ ఒకేసారి బండి కావాలి, బాడుగ బండి మన వంతుకు ఎప్పుడొస్తుందో చెప్పలేం. నాట్లు ఆలస్యమైతే జరిగే నష్టం కూడా లెక్కలో ఉండాలి.

బాడుగలకు తిప్పేవారికి లెక్క మరోలా ఉంటుంది. దమ్ములప్పుడు బండి మూడు వారాలు షెడ్డులో ఉంటే ఆ ఆదాయం పోతుంది. సామాను వెంటనే దొరికే రిపేరైతే అదనుకు ముందే చేయించాలి. వేసవిలో గుద్దుకుంటే నిదానంగా నాలుగు చోట్ల ధర కనుక్కోవడానికి టైముంటుంది.

బీమా ఎంతవరకు ఆదుకుంటుంది?

పాత ట్రాక్టర్లకు చాలామంది థర్డ్ పార్టీ బీమా మాత్రమే కడతారు. మీ బండివల్ల ఎదుటివారికి జరిగిన నష్టానికే అది వర్తిస్తుంది, మీ బండి రిపేరుకు పైసా రాదు. తప్పు ఎదుటి బండిది అయితే దాని బీమా కంపెనీ మీద మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో నష్టపరిహారం కోరవచ్చు. దరఖాస్తు ప్రమాదం జరిగిన 6 నెలల లోపు వేయాలని 2022 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన సవరణ చెబుతోంది. కాబట్టి లాయరును కలవడంలో ఆలస్యం వద్దు.

పూర్తి బీమా ఉన్నా ఖర్చంతా వస్తుందనుకోవద్దు. సాధారణంగా పాలసీల్లో రబ్బరు, ప్లాస్టిక్ సామాను, టైర్లు, బ్యాటరీ ధరలో సగమే ఇస్తారు. ఇనుప సామాను మీద అయిదేళ్లు దాటిన బండికి 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం తరుగు తీస్తారు. కూలికి తరుగు లేదు. పైన చెప్పిన 1,20,000 అంచనాలో ఇనుప సామాను 80,000, టైరు, రబ్బరు సామాను 10,000, కూలి 30,000 అనుకోండి. పన్నెండేళ్ల బండికి వచ్చేది 40,000, 5,000, 30,000 కలిపి 75,000. అందులోనూ పాలసీలో రాసిన తప్పనిసరి కోత పోతుంది. మిగతాది మీ చేతి నుంచే. లైట్లు, టైర్లు, మడ్‌గార్డులు, బానెట్ పక్క రేకులకు అదనపు ప్రీమియం కడితేనే చాలా పాలసీలు వర్తిస్తాయి. మీ పాలసీ కాగితం తీసి చదివించుకోండి.

పాలసీలో బండికి రాసుకున్న విలువను ఐడీవీ అంటారు. అయిదేళ్లు దాటిన బండికి దీన్ని కంపెనీ, మీరు కలిసి ఒప్పుకుని రాసుకుంటారు. రిపేరు ఖర్చు ఈ విలువలో 75 శాతం దాటితే మొత్తం నష్టంగా లెక్కగడతారు. ప్రీమియం తగ్గుతుందని విలువ మరీ తక్కువ వేయించుకుంటే ఇటువంటప్పుడే దెబ్బ తింటారు.

క్లెయిము తిప్పికొట్టే సందర్భాలు కొన్ని ఉన్నాయి. ట్రక్కును పాలసీలో విడిగా చూపించకపోతే దాని నష్టం రాదు. వ్యవసాయ బండిగా బీమా చేయించి ఇటుకలు, ఇసుక బాడుగకు తోలుతున్నప్పుడు ప్రమాదం జరిగితే పేచీ వస్తుంది. డ్రైవరుకు లైసెన్సు లేకపోయినా అంతే. ట్రక్కులో కూలీలను ఎక్కించుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. ప్రాణాలకు ముప్పు, పరిహారం కూడా సొంతదారు నెత్తిన పడుతుంది. కంపెనీ నిర్ణయం అన్యాయం అనిపిస్తే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అక్కడ తేలకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు.

కాగితాల గడువు

వ్యవసాయ ట్రాక్టరు రిజిస్ట్రేషను 15 ఏళ్లకు. ఆ తర్వాత తనిఖీ చేయించి అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. బండికి 14 ఏళ్లు నిండి ఉంటే, ఇప్పుడు పెట్టే ఖర్చుకు తోడు రేపటి పొడిగింపు రుసుము, తనిఖీకి కావలసిన పనులు కూడా చూసుకోండి. బ్యాంకు అప్పు తీరకుండా ఉంటే, అమ్మాలన్నా, బీమా డబ్బు తీసుకోవాలన్నా బ్యాంకుతో మాట్లాడక తప్పదు.

వదిలేయాలనుకుంటే

బండి ఇచ్చేసి డబ్బు తీసుకుంటే పని అయిపోయిందనుకోవద్దు. పేరు మారేదాకా రికార్డుల్లో సొంతదారు మీరే. కొన్నవాడు దాన్ని రోడ్డెక్కించి ప్రమాదం చేస్తే పరిహారం కేసు మీ మీదికి వస్తుంది. రిజిస్ట్రేషను ఎవరి పేరున ఉంటే బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. అమ్మేటప్పుడే 29, 30 నంబర్ల ఫారాలు నింపి పేరు మార్పు పూర్తి చేయించండి. తుక్కు కిందే ఇస్తుంటే, బండి వాడకానికి పనికిరాకుండా పోయిందని 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేసి రిజిస్ట్రేషను రద్దు చేయించాలి.

బాగు చేయించాక

షెడ్డు నుంచి తీసుకొచ్చే ముందు ఖాళీ బండిని నడిపి చూడండి. స్టీరింగు ఒక పక్కకు లాగకూడదు. బ్రేకు తొక్కితే రెండు వెనక చక్రాలూ సమంగా పట్టాలి. రోడ్డు మీద ఎడమ, కుడి బ్రేకు పెడల్సును కలిపే కొక్కెం తప్పకుండా వేయాలి. అది వేయకుండా వేగంలో ఒక్క బ్రేకు తొక్కితే బండి తిరగబడుతుంది. మొదటి పది, పదిహేను గంటల పని తర్వాత హౌసింగు బోల్టులు, ముందు ఇరుసు నట్లు మళ్లీ బిగించి చూడాలి. ట్రాక్టరు నడపటం, మరమ్మతు బాగా నేర్చుకోవాలనే యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది.

రిపేరుకు అంత పెట్టినవారు ఇంకో కొద్ది డబ్బు ట్రక్కు వెనక పెట్టండి. రెండు ఎర్ర లైట్లు, వెలుగు పడితే మెరిసే ఎర్ర పట్టీ వెనక అంచు పొడవునా, రెండు పక్కల పసుపు పట్టీ వేయించండి. రాత్రిపూట రోడ్డు పక్కన ఆపిన ట్రక్కు వెనక వచ్చేవాడికి కనపడాలి. పై లెక్కలన్నిటిలో అన్నిటికన్నా తక్కువ ఖర్చు అదే.